రొట్టె అంచు

"అంచు పగిలింది సూడు," అంది మా అత్త లలితమ్మ, పెనం మీది జొన్నరొట్టె వైపు గడ్డంతో చూపిస్తూ. "వచ్చి పదకొండేండ్లాయె. ఇంగా నీ చేతికి రొట్టె కుదర్లే."

పగిలిందని నాకూ కనిపిస్తూనే ఉంది. నీళ్లు బాగా మరగకముందే పిండిలో పోశాను. పిసకడం సగంలో ఆపాను. చేయి తడుపుకుంటూ నిదానంగా తట్టే ఓపిక అసలే లేదు. ముందుగదిలో కంప్యూటర్ మీద ధర్మవరం వాళ్ల పెళ్లి ఆల్బం తెరిచి వచ్చాను. పెళ్లికూతురి నుదుటి మీది వెంట్రుకల్ని వెనకున్న తెర నుంచి ఒక్కొక్కటిగా విడదీస్తుంటే "రొట్టెలకు పొద్దాయె" అని కేక వినపడింది. సగం మనసు ఆ వెంట్రుకల్లోనే చిక్కుకుని ఉంది. మా ఇల్లు అట్లాంటిది. ముందుగది స్టూడియో, వెనకగది వంటిల్లు, మధ్యలో ఒక పరదా. బత్తలపల్లెలో బస్సు దిగినవాళ్లకు మొదట కనిపించేది మా బోర్డే. 'భరత్ డిజిటల్స్' అని పెద్ద అక్షరాలు, పక్కన కెమెరా పట్టుకుని నవ్వుతున్న మా ఆయన భరత్‌కుమార్. ఆ బోర్డు డిజైన్ చేసింది నేను. ఆ పళ్లు కాస్త తెల్లగా చేసింది కూడా నేనే.

పొద్దున లేచింది మొదలు ఆ పరదా దాటుతూనే ఉంటాను. ఇటు వస్తే పప్పు పొంగుతుంటుంది, అటు పోతే ఎవరో పెళ్లికొడుకు మెడ కింద చెమట తుడవమని కాచుకుని ఉంటాడు. చేయి కడుక్కోవడం మరిచిపోతే కీబోర్డు మీద జొన్నపిండి పడుతుంది. అది చూస్తే భరత్‌కు కోపం. "పని కాడ శుభ్రంగా ఉండల్ల కదే" అంటాడు. నేను చేసేదాన్ని పని అని ఆయన అనేది అప్పుడు మాత్రమే. మిగతా అన్ని వేళలా అది "ఊరికే కూర్చోని మౌస్ తిప్పేది". మా మామ మల్లికార్జునయ్య ఇంకా నయం, తన కిరాణా కొట్టుకొచ్చిన వాళ్లతో "మా కోడలు కంప్యూటర్ మీద ఆడుకుంటాంటాది" అని ముద్దుగా చెబుతాడు. ఆడుకున్నందుకు సాయంత్రానికి నడుము ఎందుకు పట్టేస్తుందో ఆయన్నే అడగాలి.

"ఆ పగిలింది నీ తట్టలో ఏసుకో," అంది అత్త. చెప్పక్కర్లేదు. ఈ ఇంట్లో అంచు పగిలిన రొట్టెలన్నీ నా కంచంలోకే వస్తాయి. గుండ్రంగా, నున్నగా వచ్చినవి మామకూ, భరత్‌కూ. అదొక చట్టం. పదకొండేళ్లుగా పగిలిన అంచుల్ని ఇంత దగ్గర్నుంచి చూసిన మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు ఉండరనుకుంటాను. ఈ నాలుగు రోజులుగా నా కాలు ఒకచోట నిలవకపోవడానికి కారణం కూడా అట్లాంటి ఒక అంచే.

పోయిన ఏడాది మేరాజ్ బీ మా స్టూడియోకు వచ్చింది. మా వీధి చివర మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. కూతురు సుహానా నిఖా ఆల్బం మాకే ఇచ్చింది. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పెట్టింది. లోపల వాళ్లమ్మ ఫొటో, ఉన్నది ఆ ఒక్కటే. పటం అద్దానికి అతుక్కుపోతే పీకారట, మూడు పక్కలా చిరిగింది. "సుహానా పక్కన మా అమ్మీ ఉండల్ల బేటీ. నిఖా చూడకుండానే పోయింది," అంది. భరత్ ఫొటోను తిప్పి చూసి "చుట్టూ కత్తిరించి చదరంగా పెడదాం లేమ్మా, చిరిగింది కనపడదు" అన్నాడు. చదరంగా కత్తిరిస్తే ఆ పెద్దామెకు ఒక భుజం పోతుంది, తలమీది కొంగు సగం పోతుంది. మేరాజ్ బీ ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగింది.

"చిరిగిన కాడ చిరిగినట్లే కనపడనీ బేటీ. మా అమ్మీ మాత్రం తగ్గగూడదు."

ఆ మాట నన్ను రెండు రోజులు కుదురుగా కూర్చోనీయలేదు. చిరిగిన కాగితాల అంచులు ఇంటర్నెట్‌లో బోలెడు దొరుకుతాయి, అన్నీ పెట్టి చూశాను. అన్నీ ఎక్కడో చలిదేశంలో మెత్తటి కాగితం చింపినట్టున్నాయి. ఆ ముఖం మనది. ఎండకు కమిలిన ముఖం. మూడో రోజు మధ్యాహ్నం పొయ్యి దగ్గర నిలబడి, పగిలిన రొట్టెకు తిట్లు తింటూ, పెనం వైపు చూశాను. నల్లటి పెనం. మధ్యలో తెల్లటి రొట్టె. అంచు చుట్టూ సన్న సన్న చీలికలు, చీలిక కొసల్లో పిండి పొడిపొడిగా రాలుతోంది.

కంప్యూటర్లో మాస్క్ అని ఒకటుంటుంది, అదేమిటో ఇక్కడ చెప్పాలి. అది ఫొటో మీద కప్పే ఒక తెర. తెర మీద నలుపు పూసిన చోట ఫొటో దాక్కుంటుంది. తెలుపు పూసిన చోట కనపడుతుంది. బూడిదరంగు పూస్తే సగం కనపడి, కింద ఉన్నది సగం తొంగిచూస్తుంది. అసలు ఫొటోకు మాత్రం ఏమీ కాదు. తెర తీసేస్తే మొత్తం ఎప్పటిలా అక్కడే ఉంటుంది. ఇదంతా నేను నేర్చుకున్నది మధ్యాహ్నాలు, అత్త కునుకు తీసేటప్పుడు, ఫోన్లో శబ్దం ఆపేసి వీడియోలు చూసి. నాకు పాఠం చెప్పినవాళ్ల గొంతులెట్లా ఉంటాయో నాకు ఇప్పటికీ తెలియదు.

పెనం నలుపు, రొట్టె తెలుపు. మాస్క్ తయారై పొయ్యి మీదే కూర్చుని ఉంది. ఫోన్ తీసి ఫొటో కొట్టాను. "రొట్టెకు ఫొటో ఏందే, పిచ్చేమన్నా పట్టెనా," అంది అత్త. నిజంగానే కాస్త పట్టింది. ఆ ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చి, నలుపును ఇంకా నల్లగా, తెలుపును ఇంకా తెల్లగా చేసి, అంచును ముక్కలు ముక్కలుగా తీసి ఆ పెద్దామె ఫొటో చుట్టూ పేర్చాను. మాడిన మచ్చలున్న చోట ఫొటో పల్చబడి, కిందనున్న పేజీ రంగు కనిపించింది. నేను పుట్టింది వజ్రకరూరులో. వాన పడితే చాలు, మా ఊళ్లో జనం తలలు వంచుకుని చేలల్లో రాళ్లు వెతుకుతారు. మా నాయన నన్నూ తీసుకుపోయేవాడు. వజ్రం ఎప్పుడూ దొరకలేదు గానీ, నేల ఎట్లా పగులుతుందో, పగులు పక్కన మట్టి ఎట్లా పెళుసుగా లేస్తుందో నా కళ్లకు బాగా తెలుసు. ఆ అంచు సరిగ్గా అట్లా వచ్చింది. మేరాజ్ బీ ఆల్బం తెరిచి ఆ పేజీ మీద వేలు పెట్టి రాసి చూసింది. "గరుకుగా తగుల్తాదనుకుంటి," అని నవ్వింది, వెంటనే ఏడ్చింది. నాకు ఏ పెళ్లిలోనూ అంత సంతోషం కలగలేదు, నా పెళ్లితో సహా.

ఆ తర్వాత ఆ అంచు కావాలని చాలామంది అడిగారు. ఆల్బం చివరి పేజీలో మామూలుగానే 'ఫొటోగ్రఫీ, డిజైనింగ్: భరత్‌కుమార్' అని పడింది. అది టైపు చేసేది కూడా నా వేళ్లే కాబట్టి పెద్దగా అనిపించేది కాదు. అనిపించేది కాదనుకున్నాను.

నాలుగు రోజుల కిందట బెంగళూరు నుంచి, మా ఆల్బమ్‌లు ప్రింటు చేసే ల్యాబ్ వాళ్లు ఫోన్ చేశారు. నేను పక్కనే నిలబడి మానిటర్ తుడుస్తున్నాను. "ఈ చిరుగు అంచు మీ దగ్గర ఎవరు చేస్తారు?" అని అడిగారు. భరత్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "నేనే సార్," అన్నాడు. నా చేతిలో తుడుపుగుడ్డ ఆగింది, మళ్లీ కదిలింది. ఆదివారం అనంతపురంలో జిల్లా స్టూడియోల వాళ్లందరికీ ఒకరోజు తరగతి, ఆ అంచు ఎట్లా చేయాలో ఆయన వేదికెక్కి చేసి చూపించాలి. ఫోన్ పెట్టేసి పిల్లాడిలా గంతేశాడు. చెడ్డవాడు కాదు భరత్. ఫొటోలు చక్కగా తీస్తాడు, నలుగురినీ నవ్విస్తాడు, నన్ను ఎప్పుడూ చేయెత్తి కొట్టలేదు. అదొక గొప్ప అన్నట్టు మా అత్త నెలకోసారి గుర్తు చేస్తుంటుంది.

"నేను చేసినానని చెప్పింటే బాగుండు," అన్నాను.

"నువ్వు చేసినా నేను చేసినా ఒగటే కదే," అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ. "ఒకే ఇల్లు, ఒకే బోర్డు. నువ్వు పోయి అంతమంది మగోళ్ల ముందర ఏం మాట్లాడ్తావు? నాలుగు దినాలుండాది. నాకు నేర్పియ్యి, సాలు."

నాకు పోవాలని ఉంది. ఈ ముక్క ఎవరితోనూ అనలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నగలు, చీరలు ఎప్పుడూ అంతగా కోరుకోలేదు. ఇది మాత్రం కావాలనిపించింది. పదిమంది నా వైపు చూస్తుండగా, ఇది నేను చేశాను అని ఒక్కసారి పైకి చెప్పాలని. అనుకుంటుంటేనే ఒంట్లో జ్వరంలా ఉండేది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. ఒకసారి బియ్యం డబ్బా మూత తీసి, ఎందుకు తీశానో గుర్తురాక, అట్లాగే నిలబడ్డాను.

అయినా నేర్పించాను. రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆయన కుర్చీలో, నేను వెనక నిలబడి. కుర్చీ ఒక్కటే ఉంది. "తెర మీద నలుపు పూయండి" అంటే, ఆయన చేయి తిన్నగా తుడిచే పనిముట్టు మీదకే పోయేది. రబ్బరు పెట్టి తుడిచినట్టు ఫొటోనే తుడిచేసేవాడు. "అది కాదు, తుడిస్తే పోతుంది, తెర వేస్తే దాక్కుంటుంది" అని మొదటి రోజు చెప్పాను, రెండో రోజు చెప్పాను. మూడో రోజు నేను పోపు పెట్టి వచ్చేసరికి ఆయన సుహానా ఆల్బం అసలు ఫైలు తెరిచి, ఆ పెద్దామె ఫొటో అంచుల్ని బరబరా తుడిచి, సేవ్ చేసి మూసేశాడు. మళ్లీ తెరిస్తే ఆమె భుజం లేదు. చెవి లేదు. మేరాజ్ బీ ఏది తగ్గకూడదన్నదో సరిగ్గా అదే తగ్గింది.

"అరుస్తావెందుకే," అన్నాడు. నేను అరిచానని అప్పుడే తెలిసింది నాకు. "నీ కాడ ఇంగో కాపీ ఉంటాది కదా. తుడిచినా, దాచినా, కనపడకుంటే రెండూ ఒగటే కదా!"

నేను పరదా దాటి వంటింట్లోకి పోయాను. గ్యాస్ వెలిగించాను, దాని మీద పెట్టడానికి ఏమీ లేదు, ఆర్పేశాను. కాపీ ఉంది, నిజమే. గంటలో మళ్లీ చేసుకోగలను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఒగటే. నువ్వు చేసినా నేను చేసినా ఒగటే, తుడిచినా దాచినా ఒగటే. ఎవరి భుజం మాయమైందో వాళ్లకు ఒగటి కాదు కదా. ఒకప్పటి నేను, డిగ్రీలో కాలేజీ ఫస్టు వచ్చిన హరిత, స్టేజీ మీద వణక్కుండా మాట్లాడిన హరిత, బస్సులో కిటికీ పక్క సీటు కోసం కొట్లాడిన హరిత ఏమైంది? పదకొండేళ్లుగా వీళ్లు నన్ను కొంచెం కొంచెంగా తుడిచేశారనీ, ఇక మిగిలింది రొట్టెలు తట్టే రెండు చేతులేననీ అనుకుంటూ వచ్చాను. భయం అదే. తుడిచేసి ఉంటే చేయగలిగిందేమీ లేదు. కానీ తుడిచేసిన మనిషికి ఇంత కోపం ఎక్కడిది? ఇట్లా ఒళ్లు మండటం, ఆ కుర్చీలోంచి ఆయన్ని లేపి నేను కూర్చోవాలనిపించడం, ఇదంతా లేని మనిషికి ఎట్లా వస్తుంది?

ఆ రాత్రి అన్నాల దగ్గర అడిగాను. "ఆదివారం నేనూ వస్తా."

భరత్ ముద్ద కలుపుకుంటున్నాడు. మా అత్తే జవాబు చెప్పింది. "ఆదివారం తాడిపత్రి నుంచి మా తమ్మునోళ్లు వస్తాండారు. రొట్టెలెవరు చేస్తారు?"

ఆదివారం పొద్దున భరత్ కొత్త చొక్కా వేసుకున్నాడు. ఇస్త్రీ నేనే చేశాను. ల్యాప్‌టాప్‌లోకి కావలసినవన్నీ నేనే ఎక్కించాను. నేను ముందే చేసిపెట్టిన పేజీ ఆయన తెరిచి, అక్కడక్కడ నొక్కి, చూపించి వచ్చేస్తాడు. అట్లా ఒప్పందం. అసలు అంచు ఫైలు కూడా అందులోనే పెట్టాను. దాని పేరు 'రొట్టె'. తెలుగు అక్షరాల్లోనే ఉంది, మొదటి రోజు నుంచీ అదే పేరు. ఆ పేరు ఆయనకు చెప్పలేదు. మరిచిపోయానని అబద్ధం చెప్పను. నాలుగు రోజుల్లో ఒక్కసారైనా "ఇది దేంతో చేసినావు" అని అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. ముందుగదిలో చుట్టాలు, వాళ్లకు మా మామ కొడుకు గొప్ప చెబుతున్నాడు. అత్త నా పక్కనే నిలబడి రొట్టెల మీద కాపలా కాస్తోంది. పెనం మీద నాలుగో రొట్టె వేసి, పైన తడిచేత్తో నీళ్లు పూస్తుంటే ఫోన్ మోగింది. భరత్.

"హరితా," అన్నాడు గుసగుసగా. "ఆ అంచు యాడ పెట్టినావే?"

ఆ మాట నాకు రెండుసార్లు వినిపించింది. ఒకసారి గుసగుసగా చెవిలో, వెంటనే దాని వెనక పెద్ద హాల్లో మోగినట్టు. "ఎవడో మొదట్నుంచి చేసి చూపియ్యమన్నాడు. ఎంత వెతికినా అంచు ఫైలు కనపళ్లే. బిర్నా చెప్పు, టైము లేదు, నీళ్లు తాగొస్తానని పక్కకొచ్చినా." నీళ్లు తాగొస్తానని పక్కకొచ్చినా, అని హాలు కూడా అంది. దూరంగా ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు అర్థమైంది. కాలరుకు తగిలించిన మైకు ఆయన ఆపలేదు. హాల్లో ఉన్న వాళ్లందరికీ వినపడుతోంది, ఆయనకు తప్ప.

ఒక్క మాట చాలు. మైకు ఆపండి అని చెప్పి, ఫైలు పేరు చెవిలో వేస్తే ఆయన పోయి, నవ్వి, ఏదో జోకేసి, గట్టెక్కేస్తాడు. అట్లాంటివి నాకు కొత్త కాదు. ఒక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే క్షణానికి ఆయన బ్యాటరీ మారుస్తూ ఉండిపోయాడు. ముందు ఫొటోలోంచి చేతులు, తర్వాతి ఫొటోలోంచి ముఖాలు తీసి, కంప్యూటర్లో ఆ తాళి కట్టించింది నేను. ఆ జంటకు ఇప్పటికీ తెలియదు. ఆయన తప్పు పడిన ప్రతిచోటా నేను తెర వేస్తూ వచ్చాను. ఒక్కోసారి చేతిలో ఉన్న నలుపు చాలక నన్నే అడ్డం పెట్టాను. ఫోన్ పట్టుకున్న నా చేయి పిండితో తెల్లగా ఉంది. మేరాజ్ బీ వేలు ఆ పేజీ మీద గరుకు కోసం వెతకడం కళ్ల ముందుకొచ్చింది.

"మీ కాలరు మీది మైకు ఆన్‌లో ఉండాది," అన్నాను. "అందరికీ వినపడతాండాది."

చెవిలోనూ, హాల్లోనూ కాలరు తడుముకుంటున్న గరగర.

"ఆపొద్దు," అన్నాను. "వినపడనీ. ఫోను స్పీకర్లో పెట్టి మైకు కాడ పట్టుకోండి. నేను చెప్తా."

"హరితా, ఇంటికొచ్చినాక మాట్లాడ్తా..."

"అన్నా, ఆ యక్కనే చెప్పనీ అన్నా!" ఎవరో ఆడగొంతు, దూరం నుంచి, గట్టిగా. "నా పేరు సుజాత. యాడికి అనే ఊరి నుంచి వచ్చినా. మా స్టూడియోలో ఆల్బమ్‌లన్నీ నేనే చేస్తా. నా పేరూ యాడా పడదు."

తర్వాత హాలు శబ్దం ఒక్కసారిగా నా చెవికి దగ్గరైంది. కుర్చీలు జరుగుతున్నాయి, ఎవరో దగ్గుతున్నారు. ఆయన స్పీకర్ పెట్టాడు. వేరే దారి లేక పెట్టాడో, ఇంకెందుకు పెట్టాడో నాకు తెలియదు. పెట్టాడు, అంతే.

"ఫైలు పేరు రొట్టె," అన్నాను. హాలంతా నవ్వింది. నేను ఆగలేదు. "నవ్వండి, ఏం గాదు. అది జొన్నరొట్టే. అంచు పగిలిందని నాకు తిట్లు పడిన రొట్టె. పెనం నలుపు, రొట్టె తెలుపు, దాన్నే మాస్క్ చేసినా. నా పేరు హరిత. ఆ అంచు చేసింది నేను."

ఎవరో పుస్తకం తెరిచిన చప్పుడు వినిపించింది.

"మొదట ఒక మాట రాసుకోండి. మిగతాదంతా దాని మీదే నిలబడి ఉండాది. తుడిచేదీ దాచేదీ ఒగటి కాదు. తుడిచింది మళ్ల రాదు. దాచింది, మనం ఎప్పుడు తెర తీస్తే అప్పుడు..."

"ఎవురితోనే ఆ ముచ్చట్లు?" అత్త నా మోచేయి పట్టి లాగింది. "చుట్టాలు కాచుకోనుండారు. ఆడ రొట్టె మాడిపోతాండాది సూడు!"

చూశాను. అంచు పగిలింది, పొగ లేస్తోంది. అట్లకాడ తీసి ఆమె చేతిలో పెట్టాను.

"మీరు తిప్పండత్తా," అన్నాను. "నేను పాఠం చెప్తాండా."